ఫోను వచ్చినంత సులువుగా చదువు రాదు

దేశంలో ఉన్నత చదువులు చదువుతున్న ప్రతి తొమ్మిది మందిలో ఒకరు రోజూ కాలేజీకి వెళ్లరు. కేంద్ర విద్యాశాఖ ఉన్నత విద్యా సర్వే లెక్కల ప్రకారం 2020-21లో మొత్తం విద్యార్థులు 4.13 కోట్లు. అందులో 45.71 లక్షల మంది దూరవిద్యలో ఉన్నారు, వారిలో దాదాపు 20.9 లక్షల మంది మహిళలు. డ్యూటీ చేసుకుంటూ డిగ్రీ పూర్తిచేయాలనుకునే చిరుద్యోగులు, పెళ్లితో ఆగిన చదువును పిల్లలు కాస్త పెద్దయ్యాక మళ్లీ అందుకున్న తల్లులు, పగలంతా దుకాణంలో నిలబడి రాత్రి పుస్తకం పట్టే కుర్రాళ్లు, గ్రూప్స్‌కు చదువుతూ పక్కన ఓపెన్‌లో పీజీ కట్టినవారు ఆ లక్షల్లో ఉంటారు. ఒకప్పుడు వీళ్ల చదువు పోస్టులో వచ్చేది. ఇప్పుడు అడ్మిషన్, ఫీజు మొదలుకొని పాఠం, అసైన్‌మెంటు, హాల్ టికెట్, ఫలితం దాకా చాలావరకు ఫోను మీదికి చేరింది. ఈ మార్పుకు విద్యార్థులు సిద్ధంగా ఉన్నారా అని ఎవరైనా అడిగితే, ‘ఈ కాలం పిల్లలకు ఫోను గురించి మనం చెప్పాలా’ అని నవ్వేస్తారు. ఆ నవ్వు వెనకున్న నమ్మకం తప్పు. ఫోను వాడటం ఒక నేర్పు, ఫోనుతో ఒంటరిగా చదువుకోవడం మరో నేర్పు. ఈ రెండో నేర్పు విద్యార్థి ఇంటి నుంచి వెంట తెచ్చుకోవలసిన అర్హత కాదు. విశ్వవిద్యాలయం తన మొదటి పాఠంగా నేర్పవలసినది. అలా నేర్పకుండా చదువును ఫోనులోకి మార్చేస్తే, ఎవరి కోసం దూరవిద్య పుట్టిందో వాళ్లకే అది దూరమవుతుంది.

పోస్టు నుంచి ఫోను దాకా

సార్వత్రిక విశ్వవిద్యాలయం అనే ఆలోచన మన దేశంలో మొదట రూపుకట్టింది తెలుగు నేల మీదే. 1982లో హైదరాబాద్‌లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. 1991లో దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. దాని తొలి ఉపకులపతి జి. రాంరెడ్డి, 1985లో ఢిల్లీలో ఇందిరా గాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం (ఇగ్నో) ఏర్పడినప్పుడు దానికీ తొలి ఉపకులపతి అయ్యారు. ఆ తొలినాళ్లలో ఇంటర్మీడియట్ పాసు కాని వాళ్లకు కూడా అర్హత పరీక్ష పెట్టి డిగ్రీలో చేర్చుకున్నారు. పాఠం చేరవేసిన ప్రధాన సాధనాలు మూడు: అచ్చు పుస్తకం, ఆకాశవాణి దూరదర్శన్‌ల ప్రసారాలు, స్టడీ సెంటర్‌లో సెలవు రోజు పెట్టే కాంటాక్ట్ క్లాసులు. వీటిలో ఏదీ విద్యార్థిని కొత్త విద్య అడగలేదు. చదవడం వచ్చినవాళ్లు పుస్తకం తెరిచారు, రేడియో ఉన్నవాళ్లు మీట తిప్పారు. అందుకే సాంకేతికతకు విద్యార్థి సిద్ధమా అన్న ప్రశ్నే అప్పట్లో పెద్దగా రాలేదు. నిపుణులు తెలుగులో, ఒంటరిగా చదువుకునే మనిషిని దృష్టిలో పెట్టుకుని రాసిన ఆ పుస్తకాలను నేటికీ పోటీ పరీక్షల అభ్యర్థులు వెతికి కొనుక్కుంటారు. దూరంగా ఉన్న విద్యార్థికి ఏం కావాలో ముందే ఊహించి పాఠం తయారుచేస్తే అది ఎన్నాళ్లు నిలుస్తుందో చెప్పడానికి ఆ పుస్తకాలే సాక్ష్యం.

తరువాత మార్పు వేగంగా వచ్చింది. 2016 సెప్టెంబరులో జియో రావడంతో డేటా ధరలు పడిపోయాయి. 2017 జులైలో కేంద్రం ‘స్వయం’ అనే ఆన్‌లైన్ కోర్సుల వేదికను ప్రారంభించింది. వీడియో పాఠం, చదువుకునే సామగ్రి, తనను తాను పరీక్షించుకునే ప్రశ్నలు, సందేహాల చర్చావేదిక అనే నాలుగు అంగాలతో అక్కడ కోర్సులు నడుస్తాయి. 2020లో కరోనా వచ్చి తరగతులన్నింటినీ ఒక్కసారిగా ఇళ్లకు పంపింది. ఆ ఏడాదే విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) సార్వత్రిక, దూర, ఆన్‌లైన్ విద్యలకు కొత్త నిబంధనలు తెచ్చింది. గుర్తింపు ఉన్న సంస్థలు ఈ పద్ధతుల్లో ఇచ్చే డిగ్రీలు మామూలు డిగ్రీలతో సమానమేనని 2022 సెప్టెంబరులో మరోసారి స్పష్టం చేసింది. 2021 నుంచి మామూలు కాలేజీ విద్యార్థి కూడా ఒక సెమిస్టర్ కోర్సుల్లో 40 శాతం దాకా స్వయంలో చేసుకోవచ్చు. అంతకు ముందు ఆ పరిమితి 20 శాతం. కాబట్టి రోజూ క్లాసులో కూర్చునే విద్యార్థి కూడా ఇప్పుడు కొంతమేరకు దూరవిద్య విద్యార్థే. సంసిద్ధత అన్న ప్రశ్న ఓపెన్ డిగ్రీ కట్టినవాళ్లను దాటి అందరి గుమ్మంలోకి వచ్చింది.

పరికరం ఉండటం వేరు, పని జరగడం వేరు

సంసిద్ధత అనగానే మనం ముందు పరికరాల లెక్క తీస్తాం. జాతీయ నమూనా సర్వే 75వ విడతలో, అంటే 2017-18లో, గ్రామాల్లో కంప్యూటరు ఉన్న ఇళ్లు దాదాపు 4 శాతం, పట్టణాల్లో 23 శాతం. ఇంటర్నెట్ సౌకర్యం ఉన్నవి గ్రామాల్లో 15 శాతం, పట్టణాల్లో 42 శాతం. ఆ తరువాత స్మార్ట్‌ఫోను ఆ అంతరాన్ని చాలావరకు పూడ్చింది. 2023లో ప్రథమ్ సంస్థ అసర్ సర్వే 28 గ్రామీణ జిల్లాల్లో 14 నుంచి 18 ఏళ్ల వాళ్లను పలకరించింది. మన శ్రీకాకుళం, ఖమ్మం జిల్లాలు కూడా అందులో ఉన్నాయి. దాదాపు 90 శాతం ఇళ్లలో స్మార్ట్‌ఫోను ఉందని తేలింది. ఈ ఒక్క అంకె చూసి సమస్య తీరిందనుకునేవాళ్లు అదే సర్వేలో తరువాతి అంకె చూడాలి. ఫోను వాడటం తెలిసిన అబ్బాయిల్లో 43.7 శాతం మందికి సొంత ఫోను ఉంటే, అమ్మాయిల్లో 19.8 శాతం మందికే ఉంది. ఇంట్లో ఫోను ఉండటం, తనకు కావలసిన వేళకు అది తన చేతిలో ఉండటం ఒకటి కాదు. తండ్రి పనికి వెళ్తే ఫోను ఆయన జేబులో వెళ్తుంది. రాత్రి ఇంటికొచ్చేసరికి రోజు డేటా అయిపోయి ఉంటుంది.

ఫోను సొంతదైనా దాని మీద పెత్తనం ఇతరులదే కావచ్చు. కేరళలో ఒక కాలేజీ మహిళా హాస్టల్లో సాయంత్రం 6 నుంచి 10 గంటల దాకా ఫోను వాడకూడదని నిబంధన పెట్టారు. దానికి ఒప్పుకోని విద్యార్థినిని హాస్టల్ నుంచి పంపేశారు. 2019 సెప్టెంబరులో కేరళ హైకోర్టు ఆ చర్యను కొట్టేసి, ఇంటర్నెట్ అందుబాటు విద్యా హక్కులోనూ వ్యక్తిగత గోప్యత హక్కులోనూ భాగమని తీర్పు చెప్పింది. చదువుకోవడానికి అసలైన సమయం సాయంత్రమే, ఆ సమయంలోనే ఫోను లాక్కున్నారు. ‘ఆడపిల్లకు ఫోను ఎందుకు’ అన్న మాట వినిపించే ఇళ్లలో ఏ హైకోర్టూ ఉండదు. విద్యార్థిని సిద్ధంగా లేదని రాసుకునే ముందు, ఆమెను సిద్ధం కానివ్వనిది ఏదో కూడా రాసుకోవాలి.

ఇక ఫోను చేతిలోనే ఉన్నా దానితో ఏం చేయగలరు? అసర్ బృందం అభిప్రాయాలు అడిగి ఊరుకోలేదు, ఎదురుగా కూర్చోబెట్టి పనులు చేయించింది. ఫోను తెచ్చి చూపగలిగినవారిలో యూట్యూబ్‌లో అడిగిన వీడియోను దాదాపు 80 శాతం మంది వెతికి పట్టారు. ఒక ప్రశ్నకు ఇంటర్నెట్‌లో జవాబు వెతకడం దాదాపు 70 శాతం మందికి వచ్చింది. ఫలానా సమయానికి అలారం పెట్టడం మూడింట రెండు వంతుల మందికి, గూగుల్ మ్యాప్స్‌లో ఒక చోటికి వెళ్లడానికి ఎంతసేపు పడుతుందో చూడటం మూడో వంతుకు కాస్త మించి మాత్రమే వచ్చింది. ఈ వరుసలోనే అసలు పాఠం ఉంది. వినోదానికి పనికొచ్చే నేర్పు చాలామందిలో ఉంది. చదివి అర్థం చేసుకుని, అంచెలంచెలుగా చేయవలసిన పని వచ్చేసరికి సంఖ్య పడిపోతోంది. చదవడం బాగా వచ్చినవాళ్లు ఈ పనులూ బాగా చేశారని కూడా ఆ సర్వే గమనించింది. అంటే సాంకేతిక నేర్పు గాలిలోంచి ఊడిపడదు, అక్షరం మీద పట్టులోంచే పెరుగుతుంది. ఇలాంటి పిల్లలే మరో రెండు మూడేళ్లలో దూరవిద్య దరఖాస్తు నింపబోయేవాళ్లు.

ఆ అంచెలు ఎలా ఉంటాయో ఒక్క అసైన్‌మెంటు పంపడంలో చూడవచ్చు. విద్యార్థి తెల్లకాగితాల మీద చేత్తో జవాబులు రాస్తారు. ఒక్కో పేజీని నీడ పడకుండా ఫొటో తీయాలి. పది పదిహేను ఫొటోలను వరుస తప్పకుండా ఒకే పీడీఎఫ్‌గా కూర్చాలి. దాని సైజు పోర్టల్ ఒప్పుకునే పరిమితి దాటితే కుదించాలి, మరీ కుదిస్తే అక్షరాలు అలుక్కుపోతాయి. ఫైలుకు ఎన్‌రోల్‌మెంటు నంబరుతో పేరు పెట్టాలి. ఆ ఫైలు ఫోనులో ఏ ఫోల్డరులో పడిందో వెతకాలి. పాస్‌వర్డు గుర్తుండాలి, ఓటీపీ వచ్చే నంబరు ఇంకా పనిచేస్తూ ఉండాలి. అప్‌లోడ్, సబ్‌మిట్ అనే రెండు బటన్లలో మొదటిది నొక్కి పని అయిపోయిందనుకుంటే అసైన్‌మెంటు చేరదు. ఇందులో ఏ ఒక్కటీ గొప్ప విద్య కాదు. కానీ ఏ ఒక్క దగ్గర ఆగిపోయినా నెల రోజుల చదువు ఆగినట్టే. వాట్సాప్‌లో రోజూ వంద ఫొటోలు పంపే మనిషి కూడా ఇక్కడ తడబడవచ్చు, ఎందుకంటే వాట్సాప్ ఆయన్ని ఫైలంటే ఏమిటో ఎప్పుడూ అడగలేదు.

అలా తడబడ్డవాళ్లకు మన ఊళ్లలో ఒక దారి ఉంది: నెట్ సెంటర్. దరఖాస్తు అక్కడి నిర్వాహకుడే నింపుతాడు, ఈమెయిల్ ఆయనే తెరుస్తాడు, పాస్‌వర్డూ ఆయనే పెడతాడు. విద్యార్థి ఫొటో, సంతకం, ఆధార్ ఇచ్చి రసీదు తీసుకుని వస్తారు. ఆ సాయాన్ని చిన్నచూపు చూడనక్కర్లేదు, ఎంతోమంది అడ్మిషన్లు ఆ బల్ల దగ్గరే బతికాయి. అయితే తరగతి లింకు, గడువు తేదీ, పరీక్ష కేంద్రం మార్పు వంటి సమాచారమంతా ఆ ఈమెయిల్‌కే వస్తుంది. ఆ ఈమెయిల్ తెరవడం విద్యార్థికి రాదు. విశ్వవిద్యాలయం రికార్డుల్లో మాత్రం ఆ మనిషి ఆన్‌లైన్‌లో చేరిన, అంటే సాంకేతికతకు సిద్ధమైన విద్యార్థి. మనం సంసిద్ధతను కొలిచే తీరులోనే ఉన్న పెద్ద లోపం ఇది. దరఖాస్తు ఆన్‌లైన్‌లో వచ్చిందంటే ఎవరో ఒకరికి ఆ పని వచ్చని తెలుస్తుంది, విద్యార్థికి వచ్చని తెలియదు.

ఒంటరిగా చదవగలగడమే అసలు సంసిద్ధత

ఈ విషయాన్ని పరిశోధకులు చాలాకాలంగా విడదీసి చూస్తున్నారు. తైవాన్‌లో మిన్-లింగ్ హంగ్ బృందం 2010లో ఆన్‌లైన్ చదువుకు సంసిద్ధతను ఐదు పాళ్లుగా కొలిచే ఒక కొలమానం తయారుచేసింది. కంప్యూటరు, ఇంటర్నెట్ వాడగలనన్న నమ్మకం మొదటిది. తన చదువును తానే నడుపుకోవడం రెండోది. పక్కదారి పట్టించే వాటి మధ్య తన వేగాన్నీ వరుసనూ అదుపులో పెట్టుకోవడం మూడోది. నేర్చుకోవాలన్న తపన నాలుగోది. తెర మీద మొహమాటం లేకుండా ప్రశ్న అడగడం, చర్చించడం ఐదోది. 1,051 మంది కాలేజీ విద్యార్థులను ఈ కొలమానంతో పరిశీలిస్తే కంప్యూటరు నమ్మకం, తపన, తెర మీద మాట్లాడటం బాగానే ఉన్నాయి. తక్కువగా తేలినవి రెండు: తన చదువును తానే నడుపుకోవడం, తనను తాను అదుపులో పెట్టుకోవడం. కంప్యూటర్లకు కొదవలేని దేశంలో వచ్చిన ఫలితం ఇది. పరికరాల కొరత పూర్తిగా తీరిన తరువాత కూడా మిగిలే కొరత ఏదో అది ముందుగానే చూపిస్తోంది.

దీనికి కారణం దూరవిద్య స్వభావంలోనే ఉంది. అమెరికా విద్యావేత్త మైకేల్ మూర్ 1970లలో మొదలుపెట్టిన సిద్ధాంతం ప్రకారం, దూరవిద్యలో దూరమంటే కిలోమీటర్లు కాదు, బోధించేవారికీ నేర్చుకునేవారికీ మధ్య అవగాహనలో ఏర్పడే ఎడం. సంభాషణ పెరిగితే ఆ ఎడం తగ్గుతుంది. ఎవరి అవసరాన్నీ బట్టి మారని బిగుతైన చట్రంలో పాఠం నడిస్తే పెరుగుతుంది. ఎడం పెరిగినకొద్దీ విద్యార్థి స్వయంశక్తి మీద భారం పడుతుంది. మన ఇంటర్మీడియట్ చదువు ఆ స్వయంశక్తికి ఏమాత్రం చోటు ఇస్తోందో ఆలోచించండి. ఉదయం స్టడీ అవర్ నుంచి రాత్రి స్టడీ అవర్ దాకా ఏ గంటలో ఏ పుస్తకం తీయాలో వేరెవరో చెబుతారు, ఏ ప్రశ్న ముఖ్యమో వేరెవరో గుర్తు పెడతారు. అలా రెండేళ్లు నడిచిన విద్యార్థికి ఒక లాగిన్, నలభై వీడియోలు ఇచ్చి ‘నీకు వీలైనప్పుడు చూసుకో’ అంటే, ఆ వీలు ఎప్పటికీ రాదు. అది బద్ధకం కాదు. వేళను తానే పెట్టుకునే అభ్యాసం ఆ మనిషికి ఎవరూ చేయించలేదు.

ప్రపంచ అనుభవం కూడా ఇదే చెబుతోంది. హార్వర్డ్, ఎంఐటీ సంస్థలు ఎడెక్స్ వేదికపై నడిపిన ఉచిత కోర్సులను జస్టిన్ రైక్, హొసే రుయిపెరెజ్-వాలియెంటె పరిశీలించి 2019లో సైన్స్ పత్రికలో ఫలితాలు ప్రకటించారు. 2017-18లో చేరినవారిలో కోర్సు పూర్తిచేసినవారు 3.13 శాతం. చేరినవారిలో సగానికి పైగా అసలు పాఠం తెరిచి చూడనేలేదు. డబ్బు కట్టి సర్టిఫికెట్ కోసం చేరినవారిలో మాత్రం 46 శాతం మంది పూర్తిచేశారు. ప్రపంచంలో పేరుమోసిన గురువులు, ఉచిత పాఠాలు, సాఫీగా నడిచే వేదిక అన్నీ ఉన్నా చదువు సాగలేదు. సరదాగా చేరినవాళ్లూ అందులో ఉంటారు కనుక ఈ అంకెను మన డిగ్రీ విద్యార్థులకు నేరుగా అంటగట్టకూడదు. కానీ పాఠాన్ని అందుబాటులో పెట్టడంతోనే బాధ్యత తీరదన్నది మాత్రం అందులోంచి ఖాయంగా తీసుకోవచ్చు.

దీనికి తోడు, దొరికిన సమాచారంలో నిజమేదో తేల్చుకునే వివేకం ఒకటి కావాలి. 2016లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అమెరికాలో 12 రాష్ట్రాల నుంచి, మాధ్యమిక పాఠశాల మొదలు కాలేజీ దాకా, 7,804 జవాబులు సేకరించారు. మాధ్యమిక పాఠశాల పిల్లల్లో 80 శాతానికి పైగా, ప్రకటన అని రాసి ఉన్నదాన్ని కూడా వార్తే అనుకున్నారు. ఇప్పుడు కృత్రిమ మేధ అడిగిన వెంటనే పేజీలకు పేజీలు జవాబు రాసిపెడుతోంది. సాధారణ విద్యార్థికి ఆ జవాబులో తప్పు పట్టించే మాస్టారు పక్కనే ఉంటారు. దూరవిద్య విద్యార్థి ఆ కాపలా కూడా తనే కాసుకోవాలి.

అభ్యంతరాలు, జవాబులు

కొత్త తరానికి ఇవన్నీ పుట్టుకతో వస్తాయన్నది మొదటి అభ్యంతరం. 2001లో అమెరికా రచయిత మార్క్ ప్రెన్‌స్కీ కంప్యూటర్లతో పెరిగిన తరాన్ని డిజిటల్ లోకపు స్థానికులుగా వర్ణించాడు. ఆ వర్ణన అంతటా పాకిపోయింది. అయితే 2008లో ఆస్ట్రేలియా పరిశోధకులు స్యూ బెనెట్, కార్ల్ మేటన్, లీసా కెర్విన్ ఆధారాలన్నీ జల్లెడ పట్టి, ఒకే వయసు వాళ్లలోనే వాడకం, నేర్పు ఎంతో తేడాగా ఉన్నాయనీ, తరం పేరుతో అందరినీ ఒకే గాటన కట్టడం కుదరదనీ చూపారు. పైగా దూరవిద్యలో ఉన్నది ఇరవై ఏళ్ల వాళ్లే కాదు. యాభై ఏళ్లకు మళ్లీ పుస్తకం పట్టిన అంగన్‌వాడీ కార్యకర్త ఆ తరం లెక్కలోకే రాదు.

రెండో అభ్యంతరం బరువైనది. ముందు ల్యాప్‌టాప్, నెట్ ఇవ్వండి, నేర్పుల సంగతి తరువాత చూద్దాం అంటారు. పరికరం లేకుండా నేర్పు గురించి మాట్లాడటం అన్యాయమే, ఆ మాట పూర్తిగా ఒప్పుకోవాలి. కానీ ఒకటయ్యాక మరొకటి అన్న వరుస సరికాదు. పరికరం పంచి నేర్పు వదిలేయడం బావి తవ్వించి చేద ఇవ్వకపోవడమే. పైగా ఈ వరుస పాటిస్తే ప్రభుత్వాలు మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతాయి, ఎందుకంటే పంచిన ట్యాబులను లెక్కపెట్టవచ్చు, పెరిగిన నేర్పును లెక్కపెట్టడం కష్టం. రెండూ ఒకే రోజు మొదలవ్వాలి.

విశ్వవిద్యాలయాల లోపలి నుంచి వచ్చేది మూడోది. వీళ్లంతా పెద్దవాళ్లు, స్వయంకృషితో చదువుకోవడమే ఈ విధానం సారం, ప్రతిదీ చేయి పట్టి నేర్పితే అది సార్వత్రిక విద్య ఎలా అవుతుంది అంటారు. సార్వత్రిక విద్య అసలు ఎందుకు వచ్చిందో చూస్తే జవాబు అక్కడే ఉంది. ఇంటర్ పాసైన కాగితం లేదన్న కారణంతో ఎవరినీ గుమ్మంలో ఆపకూడదనే అది తలుపులు తెరిచింది. ఇప్పుడు ఏ చట్టంలోనూ రాయని, ఏ నోటిఫికేషన్‌లోనూ కనిపించని ఒక కొత్త అర్హత ఆ గుమ్మంలో నిలబడింది. ఆ పరీక్ష తప్పినవాళ్లకు తప్పామన్న సంగతి కూడా తెలియదు. మొదటి ఏడాది ఫీజు కట్టి నిశ్శబ్దంగా మానేస్తారు. స్వయంకృషి గొప్పదే, కానీ స్వయంగా కృషి చేయడం కూడా ఒకరు చూపితేనే వస్తుంది. తైవాన్ అధ్యయనంలోనే దీనికి ఆధారం ఉంది: మొదటి, రెండో ఏడాది వాళ్లకంటే మూడు, నాలుగో ఏడాది విద్యార్థుల్లో స్వయంగా నడుపుకునే శక్తి ఎక్కువగా కనిపించింది. చదువుకుంటున్నకొద్దీ పెరిగే గుణం కాబట్టే అది ఎక్కువని అనుకోవడం సబబు. పెరిగే గుణాన్ని పెంచడం విద్యాసంస్థ పని.

ఇక్కడ ఒక హెచ్చరికనూ దాచకూడదు. హార్వర్డ్, ఎంఐటీ, స్టాన్‌ఫర్డ్ కోర్సులు దాదాపు 250 తీసుకుని, రెండున్నరేళ్ల పాటు, రెండున్నర లక్షల మందికి పైగా విద్యార్థుల మీద ఒక ప్రయోగం జరిగింది. కోర్సు మొదట్లో ‘ఎప్పుడు, ఎక్కడ చదువుతారో రాసుకోండి’ వంటి చిన్న కసరత్తులు చేయించారు. 2020లో వెలువడిన ఫలితాల ప్రకారం, వాటివల్ల తొలి కొన్ని వారాలు విద్యార్థులు చురుగ్గా పాల్గొన్నారు, కానీ చివరిదాకా పూర్తిచేసినవారి శాతం పెరగలేదు. సంసిద్ధత నేర్పలేమని దీని అర్థమా? కాదు. ఒక పూట ఓరియంటేషన్‌తో, ఒక సూచనల పేజీతో నేర్పలేమని అర్థం. మనిషి మాట, మళ్లీ మళ్లీ చేయించిన అభ్యాసం, ఆగిపోయినప్పుడు వెంటనే అందే సాయం లేకుండా తొలి వారాల ఉత్సాహం నిలవదు.

నాలుగో అభ్యంతరం పాత పద్ధతే నయం, పుస్తకాలు పోస్టులో పంపండి చాలు అనే వారిది. అచ్చు పుస్తకం పోకూడదన్న మాట సత్యం. కరెంటు, సిగ్నల్, డేటా ఏవీ అడగని సాధనం అదొక్కటే. కానీ సాంకేతికతకు తలుపు మూసేస్తే నష్టపోయేది కూడా పేద విద్యార్థే. ఆదివారం స్టడీ సెంటర్‌కు రావడానికి ఇంట్లో ఒప్పుకోని స్త్రీకి రికార్డు చేసిన పాఠమే తరగతి. చూపు లేని విద్యార్థికి తెర మీది అక్షరాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేరే పుస్తకం. అయితే పుస్తకాన్ని అక్షరాలుగా కాక ఫొటోలుగా స్కాన్ చేసి పెడితే ఆ సాఫ్ట్‌వేర్‌కు అక్కడ చదవడానికి ఏమీ దొరకదు. ఉద్యోగ దరఖాస్తు మొదలు స్కాలర్‌షిప్ దాకా ప్రతిదీ ఆన్‌లైన్‌లో నడిచే రోజుల్లో, ఈ నేర్పు లేని డిగ్రీ అర చదువే అవుతుంది.

చేయవలసింది

మొదట కొలత మారాలి. ‘మీకు కంప్యూటరు వాడటం వచ్చా’ అని అడిగి అవును, కాదు అని టిక్కు పెట్టించుకునే ప్రశ్నపత్రం కొలత కాదు. మనిషి తన నేర్పును ఎక్కువగానో తక్కువగానో ఊహించుకుంటాడు. అసర్ చేసినట్టు పని చేయించి చూడాలి: సొంత ఈమెయిల్ తెరవడం, ఒక ఫైలు పంపడం, ఒక పాఠం నుంచి సొంత మాటల్లో నాలుగు వాక్యాలు రాయడం, ఒక సమాచారం నమ్మదగినదో కాదో చెప్పడం. ఈ పరీక్ష ఎవరినీ తిప్పి పంపడానికి కాదు, ఎవరికి ఏ సాయం కావాలో తెలుసుకోవడానికి. ఆ తరువాత మొదటి సెమిస్టర్‌లోనే ఈ నేర్పులను మార్కులున్న కోర్సుగా పెట్టాలి. క్రెడిట్ లేని పాఠాన్ని విద్యార్థీ సంస్థా ఇద్దరూ పక్కన పెడతారని అందరికీ తెలుసు. ఆ కోర్సు తెలుగులో ఉండాలి. పోర్టల్‌లో కనిపించే ఇంగ్లిష్ బటన్లను ఒక్కొక్కటిగా తెలుగులో వివరించాలి. కంప్యూటరు ఉందనుకుని కాకుండా, చవక ఫోను చిన్న తెర మీద నడిచేలా తయారుచేయాలి.

కొత్త భవనాలు అక్కర్లేదు. స్టడీ సెంటర్లు ఎక్కువగా ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లోనే ఉన్నాయి, అక్కడ కంప్యూటరు ల్యాబులు ఉంటాయి. కాంటాక్ట్ క్లాసుల్లో మొదటి రెండు మూడింటిని ఆ ల్యాబులో పెట్టి, తొలి అసైన్‌మెంటును అక్కడే, విద్యార్థి ఫోను నుంచి, విద్యార్థి చేతులతోనే పంపించవచ్చు. నెట్ సెంటర్‌లో తెరిచిన ఈమెయిల్ పాస్‌వర్డును అక్కడే మార్పించవచ్చు. పాఠం వీడియోతో పాటు మాట మాత్రమే ఉన్న ఆడియోను, అచ్చు పాఠాన్ని కూడా పెడితే డేటా తక్కువ ఉన్నవాళ్లకు దారి దొరుకుతుంది. నెల రోజులు లాగిన్ కాని విద్యార్థికి సిస్టమ్ పంపే సందేశం బదులు కౌన్సెలర్ ఫోను చేసి, ‘ఏమ్మా, ఎక్కడ ఆగిపోయావు?’ అని అడగాలి. మూర్ చెప్పిన ఎడాన్ని తగ్గించే సంభాషణ అదే. ఆ కౌన్సెలర్లకూ శిక్షణ కావాలి, ఆ గంటకు గౌరవ వేతనం కావాలి. అధ్యాపకుడు సిద్ధంగా లేని చోట విద్యార్థి సంసిద్ధత గురించి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు.

ఈ పని జరుగుతోందో లేదో జనానికి తెలియాలంటే రెండు అంకెలు చాలు. ఎంతమంది చేరారో ప్రతి విశ్వవిద్యాలయమూ ఘనంగా ప్రకటిస్తుంది. చేరినవారిలో తొలి అసైన్‌మెంటును తమంతట తాము పంపినవారు ఎందరు, రెండో ఏడాది ఫీజు కట్టినవారు ఎందరు అన్న రెండు అంకెలను జిల్లాలవారీగా, స్త్రీ పురుషులవారీగా ఏటా ప్రకటించాలని మనం అడగాలి. ఆ అంకెలు బయటికి వస్తే, విద్యార్థులు సిద్ధంగా లేరన్న మాటతో ఏ సంస్థా తప్పించుకోలేదు. వాళ్లను సిద్ధం చేయడమే తన పనిగా ఒప్పుకోక తప్పదు.